బుష్షులు మార్చాక బండి కప్పయింది

మా పక్కింటి బాబాయి సర్వే ఆఫీసులో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆఫీసువాళ్లు వేలం వేసిన పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని తనే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. పిన్ని దాన్ని "మా సవతి" అంటుంది.

ఈమధ్య సవతి రోడ్డు మీద మెలికలు తిరుగుతోంది. కూతురు మొహమాటం లేకుండా తేల్చేసింది.

"నాన్నా, నీ చెయ్యి పోయింది. తాళం ఇచ్చెయ్."

"పోయింది నా చెయ్యి కాదే, బుష్షులు! మార్చి చూపిస్తా. అప్పుడూ తేడా వస్తే తాళం నీదే."

ఆ మాటతో షెడ్డులో బండిని జాకీ మీద లేపి, కింద దూరాడు. సెలవు కదా, టార్చి పట్టడానికి నేను చేరాను. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను అటూ ఇటూ లాగే గొట్టంలాంటి భాగం ఒకటుంటుంది. దాన్ని బండి చట్రానికి కదలకుండా బిగించే క్లాంపుల కింది రబ్బరు పట్టీలే ఈ బుష్షులు. అవి అరిగితే స్టీరింగ్ ఇంత తిప్పినా చక్రం ఉలకదు, పలకదు. పాతవి వేలితో నొక్కితే పెళ్లలుగా రాలాయి.

"ఇదిగోనే, పోయిన నా చెయ్యి!" అని కూతురి ముందు పోశాడు బాబాయి.

కొత్తవాటికి సబ్బునీళ్లు రాసి ఎక్కించి, బోల్టులు బిగించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండిని ఖాళీ మైదానానికి తీశాడు. అది ఎడమకు ఉరికింది. సర్దబోతే కుడికి దూకింది.

"నిన్నటిదాకా పాము, ఇవాళ కప్పా?" అంది పిన్ని.

బాబాయి బండిని వెనక్కి తిప్పాడు. మళ్లీ షెడ్డు, మళ్లీ కింద దూరడం. క్లాంపులు విప్పి చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. బిగించి తీస్తే మళ్లీ అదే గంతు. "ఎక్కడ తప్పానో అంతు చిక్కడం లేదురా" అన్నాడు. నాకైతే అంతా అయోమయం.

కూతురు తనే ఎక్కి నడిపింది. బండి దారం లాగినట్టు పోయింది.

"బండి బంగారంలా ఉంది నాన్నా" అంది దిగుతూ. మెచ్చుకోలే, కానీ అది విని ఆయన కూలబడ్డాడు. "అంటే, పోయింది నా చెయ్యేనన్నమాట."

ఆ మాటకు ఆ పిల్లా తికమక పడింది. ఇందాకటి నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్న అడిగేశాను.

"బాబాయ్, దారి తిన్నగానే ఉందిగా, స్టీరింగ్ అంతంత తిప్పుతావెందుకు?"

"అంత తిప్పకపోతే చక్రం ఎలా కదులు..." ఆగిపోయాడు. రోజుకింత అరుగుతూ వచ్చిన బుష్షులతో ఇన్నేళ్లూ తోలిన చెయ్యి అది. కొత్తవి పడ్డాయని దానికెవరు చెప్పారు?

తాళం ఎవరికి చెందాలో మాకెవరికీ తేలలేదు. చెయ్యి తప్పిందన్న మాట నిజమే. బుష్షులు పోయాయన్నదీ నిజమే. కూతురు పక్క సీట్లో ఎక్కి కూర్చుంది.

"ఎక్కు నాన్నా. స్టీరింగ్ పట్టుకోకు, ఊరికే ముట్టుకో."

బండి ఊగుతూ కదిలింది. ఆమె చెయ్యి తాళం దగ్గరే ఉంది గానీ, తియ్యలేదు.