యూరప్‌కు సరి చల్లిన మా అత్తమ్మ

డిగ్రీలో నాకు మిగిలింది ఒక్క పేపరు, యూరప్ చరిత్ర. పెళ్ళయి ఎడపల్లికి వచ్చాక దూరవిద్యలో చేరాను. అన్నీ గట్టెక్కినా ఇదొక్కటి గొంతులో ముల్లులా కూర్చుంది. ఈసారి తప్పితే పుస్తకాలు పొయ్యిలో పెడతానని మా అత్తమ్మ తేల్చి చెప్పింది. అన్నదంటే చేసే మనిషి, ఇంట్లో ఉన్నది గ్యాసు పొయ్యి అయినా సరే.

మా ఇంట్లో పొద్దంతా బీడీలు చుట్టే పని. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి పుస్తకాన్ని ముందున్న పీట మీద తెరిచి పైకి చదివేదాన్ని. అత్తమ్మ విననట్టే ఆకు కత్తిరించేది. ఇంగ్లండు రాజు తల్లి పుట్టింటి హక్కు చెప్పుకుని ఫ్రాన్సు గద్దె అడిగాడనీ, ఆడబిడ్డ వైపు నుంచి హక్కు రాదు పొమ్మన్నారనీ, దాంతో నూరేళ్ళకు పైగా కొట్టుకున్నారనీ చదివితే కత్తెర ఆగింది. దాయాదుల పంచాయితీ ఏ దేశంలోనైనా ఒక్కటేనంది. ఒకే మతానికి ఒకేసారి ముగ్గురు పోపులు తయారయ్యారన్న చోట పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం సీరియల్ బందు.

ఆ నవ్వు ప్లేగు పాఠం దగ్గర ఆగిపోయింది. ఓడల్లో రోగం దిగింది, ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చుకుపోయాయి, కొందరు పాపం పోవాలని తమను తామే కొరడాలతో కొట్టుకుంటూ వీధుల్లో తిరిగారు. అత్తమ్మ చాట పక్కన పెట్టింది.

"కొట్టుకుంటె రోగం పోతదా? ఊర పండుగ జేసిండ్రా? సరి సల్లిండ్రా?"

లేదన్నాను. మరి చావక ఏమవుతారంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఊర పండుగంటే ఆషాఢంలో నిజామాబాద్‌లో గ్రామదేవతల కొయ్యబొమ్మలను ఊరేగించడం. బలి రక్తం, పసుపు కలిపిన మిశ్రమాన్ని సరి అంటారు, దాన్ని దారి పొడుగునా చల్లుతారు. దాన్ని తెచ్చి ఇంటిమీదా పొలంలోనూ చల్లుకుంటే రోగం రాదని జనం ఒకరినొకరు తొక్కుకుంటారు. పండుగ జరిగే ఆదివారం అత్తమ్మ బస్సెక్కి పోయింది. సాయంత్రం చెప్పులు లేకుండా, చిరిగిన కొంగుతో, గుప్పిట బిగించుకుని దిగింది. ఇంటిమీద చల్లింది, నారుమడిలో చల్లింది. తర్వాత నా పరీక్షకు గండం రావద్దని టీవీ కింద పెట్టిన హాల్ టికెట్ మీద నిండుగా చల్లింది. పక్కనున్న ఆధార్ జిరాక్సును కూడా వదల్లేదు.

తెల్లారి పరీక్షకు బయల్దేరబోతూ చూస్తే ఫొటోలో నా ముఖం లేదు. ఒక చెవి మాత్రం మిగిలింది. ఏడుపొచ్చింది. అరుద్దామనుకున్నాను గానీ ఆమె కాళ్ళ మీది దెబ్బలు చూసి ఆ కాగితాన్నే సంచిలో పెట్టుకున్నాను. పుస్తకాలు పొయ్యిలో పెడతానన్న మనిషి నా పరీక్ష కోసం ఆ తొక్కిసలాటలో నిలబడి వచ్చింది.

బోధన్ సెంటర్లో సారు ఆ కాగితాన్ని అంచులతో పట్టుకున్నాడు. నెత్తురా అని అడిగాడు. ఊర పండుగ సరి అన్నాను. ఆయనది నిజామాబాద్‌లో పాత ముస్లిం కుటుంబం. ఆ ఊరేగింపు వాళ్ళ గల్లీ ముందు నుంచే పోతుందని చెబుతూ నన్ను జుట్టు జరపమన్నాడు. ఫొటోలో చెవినీ నా చెవినీ మార్చి మార్చి చూశాడు. నమ్మకం చాలక పక్క గది సారును కూడా పిలిచాడు. హాలంతా నా చెవినే చూస్తోంది.

"కాన్ తో బరాబర్ ఉన్నది. పోయి కూసో అమ్మా" అన్నాడు చివరికి.

ప్లేగు ప్రశ్నే వచ్చింది. మనుషులు తగ్గి, బతికినవాళ్ళకు కూలి పెరిగిందని రాశాను. ఆఖర్న 'వారికి ఊర పండుగ లేదు' అని కూడా రాసి, కొట్టేయబోయి ఉంచేశాను.

ఇంటికొస్తే అత్తమ్మ పరీక్ష సంగతి అడగలేదు. యూరప్ ఎటు దిక్కని అడిగింది. పడమర చూపించాను. బీడీ ఆకులో దాచిన చిటికెడు సరి విప్పి పక్కింటి గోడ మీదుగా విసిరింది. అక్కడ పక్కింటక్క ఉతికిన చీరలు ఆరేసి ఉన్నాయి. అది యూరప్ కోసమని ఆమెను ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

పాసయ్యాను. ఇక పొయ్యి గండం తప్పిందని పుస్తకాన్ని అటక మీదికి ఎక్కించబోతుంటే అత్తమ్మ లాక్కుని, తెచ్చి పీట మీద తెరిచింది.

"పాసైతె సదువు ఆపుతరా? గా ముగ్గురు పోపులల్ల ఎవలు గెలిసిండ్రో ఇంక జెప్పనే లేదు."

నేను చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.