రేవతి పేరు రాయడానికి మంగంపేట దాకా

వైద్యంతో పాటు పరిశోధన కూడా నేర్పే ఎం.డి.-పిహెచ్.డి. కోర్సుకు దరఖాస్తు నింపుతూ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను: "మీరు చేసిన పరిశోధనలో మీ సొంత పాత్ర ఏమిటి?" నేను చేసింది ఒక్కటే. కర్నూలులో హౌస్ సర్జన్లుగా ఉన్నప్పుడు నేనూ, నా స్నేహితురాలు రేవతీ సెలవుల్లో మంగంపేట వెళ్లి, ముగ్గురాయిని, అంటే బెరైటీస్‌ను, పొడి కొట్టే మిల్లుల్లో పనిచేసేవాళ్లతో గొట్టంలో ఊదించి ఊపిరి బలం కొలిచాం. ఆ ఊరు రేవతిది, ఆలోచనా తనదే. పోయిన వానాకాలం జ్వరమొచ్చి, వారం తిరక్కుండానే రేవతి చనిపోయింది. "నేను" అని రాసి, కొట్టేశాను. వాళ్లమ్మ ఓబుళమ్మను అడిగే రాద్దామని బయల్దేరాను.

తెల్లవారగానే కర్నూలు బస్టాండులో కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరేసరికి పదకొండు దాటింది. అక్కణ్ణుంచి కోడూరు బస్సులో రాజంపేట దాటి మంగంపేటకు మరో రెండు గంటలు. ఇంతకుముందు ఈ దారి పొడుగునా మా ఇద్దరి మాటలే. ఈసారి ఎండిన చేలు చూస్తూ కూర్చున్నాను.

రోడ్డు మీద ఆటో ఎక్కి ఓబుళమ్మగారి ఇల్లు అన్నాను. డ్రైవరు వెనక్కి తిరిగాడు. "డాక్టరు పాప వాళ్లిల్లా? మా యన్నతో గూడా గొట్టంలో ఊదించిందిమ్మా. శానా మంచి పాప."

ఓబుళమ్మ నన్ను చూసి ఏడవలేదు. సంగటి, అందులోకి చెనిక్కాయల పచ్చడి ఊరిమిండి పెట్టి ఎదురుగా కూర్చుంది. వచ్చిన పని చెప్పాను.

"మీరిద్దరూ ఏం చేసినారో నాకెవురూ చెప్పలా పాపా. చెప్పు."

చెప్పాను. భయపడిన కూలీలను ఒప్పించింది రేవతి. సరిగ్గా ఊదకపోతే ఆ కొలత వదిలేసి, ఓపిగ్గా మళ్లీ ఊదించింది రేవతి. లెక్కలు వేసి, పొగతాగేవాళ్లను విడదీసి పోల్చింది నేను. ఎక్కువ ఏళ్లు దుమ్ములో ఉన్నవాళ్లకు ఊపిరి తగ్గుతోందేమోనన్న అనుమానం వచ్చింది గానీ, తేల్చి చెప్పడానికి మేం చూసిన మనుషులు చాలలేదు.

"అయితే అది అయిపోలా?"

"లేదమ్మా."

"నువ్వు చేస్తావా?"

"సీటొస్తే చేస్తా."

"రాకుంటే?"

జవాబు కోసం ఆగకుండా ఆమే అంది: "నువ్వు చేసింది నువ్వు రాసుకో. అది చేసింది దాని పేరు మింద రాయి." గొంతు తగ్గించి మళ్లీ అడిగింది. "ఆ కాయితం చదివేటోళ్లకు మా పాప లేదని తెలుస్తాదా?"

"రాస్తానమ్మా, తెలిసేటట్టు."

"వద్దు. రాయొద్దు. ఆ కాయితంలోనన్నా ఉండనీ."

అప్పుడు ఏడ్చాం ఇద్దరమూ.

సాయంత్రం ఐదు లోపల రోడ్డెక్కితే కడప బస్సు దొరుకుతుంది. ఆ బస్సులోనే ఫోనులో జవాబు రాశాను. ఆలోచన, కొలతలు డాక్టర్ రేవతివి; లెక్కలు, పోలిక నావి; తేలనిది ఇంకా ఉంది. ఇంటర్వ్యూలో రేవతి ఇప్పుడెక్కడుందని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఇలాంటి కోర్సుకు దరఖాస్తు చేసేవాళ్లకు ఒక్క మాట: మీ పరిశోధనను ముందు వైద్యం తెలియని మనిషికి, మన తెలుగులో చెప్పి చూడండి. ఎక్కడ "నేను" అనాలో, ఎక్కడ ఇంకొకరి పేరు చెప్పాలో అప్పుడు మీకే తెలుస్తుంది. ఆ పేరు వదలకండి.