సవిత చూపించిన పేషెంటు

దేని మీద ఒట్టు పెట్టమంటే దాని మీద పెడతాను. ఇది నాకే జరిగింది... నాందేడ్‌లో, నా గదిలో, పూర్తి మెలకువలో ఉండగా. భయపడే మనిషిని కాను నేను. పన్నెండేళ్లు వార్డుల్లో రాత్రి డ్యూటీలు చేసి, ఆ తర్వాత నర్సింగ్ కాలేజీలో టీచరునయ్యాను. పోయినవాళ్ల కళ్లు ఎన్నిసార్లు మూశానో లెక్కలేదు. దెయ్యాలంటే నవ్వొస్తుంది.

కరోనా రోజులు. కాలేజీకి తాళం. నర్సు పనిని ఫోన్‌లో నేర్పాల్సిన ఖర్మ పట్టింది మాకు. మొదటి క్లాసులో నా ముఖం బదులు పైనున్న ఫ్యానును చూపించాను పిల్లలకు! నెల తిరిగేసరికి దారిలో పడ్డాను. ప్రాక్టికల్స్ కూడా ఫోన్‌లోనే పెట్టేశాను. ఇంట్లో ఒకరిని పేషెంటుగా పడుకోబెట్టి, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టి చూపించాలి. మనిషి మీదే చేయాలి. లేకపోతే సున్నా. సున్నా వస్తే ఆ ఏడాది పోయినట్టే.

దొంగ లెక్కలు పట్టడంలో నేను ఆరితేరాను. లెక్కపెట్టని పిల్ల ఎప్పుడూ పుస్తకంలో ఉండే మామూలు లెక్క, పద్దెనిమిదనో ఇరవయ్యనో చెబుతుంది. అందుకే నేనూ తెర మీద చూస్తూ లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుని, అప్పుడు అడుగుతాను.

ఆ రోజు ఆఖరి గడువు. మార్కులు రాత్రి పన్నెండులోపు పంపాలి. మిగిలింది సవిత ఒక్కతే. తెలంగాణ సరిహద్దులోని బాబ్లీలో రైతుల పిల్ల. వాళ్ల ఊళ్లో రాత్రి పది దాటితే గానీ నెట్ సరిగ్గా రాదు.

“పేషెంటు ఎవరు?”

“మా అమ్మ, మేడమ్.”

“పేషెంటు మొకం చూపియ్యొద్దన్నది రూలు. షురూ చెయ్యి.”

మంచం. దాని మీద నిండా కప్పిన గళ్ల దుప్పటి. పక్కన సవిత, ఒక చెయ్యి దుప్పటి కింద. నేను గడియారం చూసుకున్నాను. దుప్పటి లేచింది... దిగింది. లేచింది... దిగింది. ఇయర్‌ఫోన్లలో సన్నగా శబ్దం కూడా... హుస్... హుస్... ముక్కు దిబ్బడేసినట్టు. నిమిషం అయింది. ఇరవై ఏడు. రాసుకున్నాను.

“ఎంత?”

“ఇరవై ఏడు, మేడమ్.”

శభాష్ అనుకున్నాను. కానీ ఇరవై ఏడు మంచి లెక్క కాదు. ఆ రోజుల్లో మరీను.

“మీ అమ్మకు జరం గిట్ల ఉన్నదా? పొద్దుగాల్నే ధర్మాబాద్ దవాఖానకు తీస్కపో.”

సవిత బిక్కచచ్చిపోయింది. తర్వాత భోరున ఏడ్చింది.

“ఏమైంది? ఖరం సాంగ్! నిజం చెప్పు!” కోపం వస్తే నాకు మరాఠీ ముందొస్తుంది.

“మాఫ్ చెయ్యుండ్రి మేడమ్... అమ్మ పండనన్నది. ఊపిరి లెక్కవెడ్తే ఆయుష్షు తగ్గుతదట. శాన బతిలాడిన. అవతలింట్ల పోయి కూసున్నది. గందుకే దుప్పటి కింద దిండ్లు వెట్టిన.”

“మరి ఇరవై ఏడు?”

“ఇరవై అంటే మీరు పట్టుకుంటరు గదా... నోటికొచ్చింది చెప్పిన.”

తిట్టబోయి ఆగాను. ఎందుకంటే... దుప్పటి ఇంకా లేస్తోంది. దిగుతోంది. సవిత రెండు చేతులూ బయటే ఉన్నాయి, కళ్లు తుడుచుకుంటోంది. ఇయర్‌ఫోన్లు పీకేశాను. నా గది నిశ్శబ్దం. మళ్లీ పెట్టుకున్నాను... హుస్... హుస్...

“సవితా... ఫ్యాను తిరుగుతున్నదా?”

“ఈ అర్రల ఫ్యాను లేదు మేడమ్.”

“పిల్లి గిట్ల దూరిందా?”

“లేదు. ఎందుకు మేడమ్?”

పక్కనే ఉంది... ఆ పిల్లకు కనబడటం లేదు! క్లాసులో చెప్పినట్టే మామూలుగా చెప్పాను.

“దుప్పటి తియ్యి.”

సవిత చెయ్యి చాపింది. అప్పుడు... పైకి లేచిన దుప్పటి అక్కడే ఆగింది. దిగలేదు. శబ్దమూ ఆగింది. ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే పేషెంట్లు అచ్చం అలాగే ఊపిరి బిగబడతారు. ఒకటి... రెండు... మూడు... సవిత దుప్పటి లాగేసింది.

రెండు దిండ్లు. అంతే.

నెట్ సరిగ్గా లేక బొమ్మ అదిరిందా? అదిరితే ఇరవై ఏడు సార్లు, వరస తప్పకుండా అదురుతుందా? వాళ్లమ్మను పిలిపించాను. నిక్షేపంగా ఉంది. “మీ సదువుకు నా పానమే దొరికిందా?” అని నన్నే తిట్టిపోసింది. పడుకోమంటే ససేమిరా అంది. ఆ రాత్రి అమ్మ పక్కనే పడుకోమని సవితకు చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

పన్నెండుకు పది నిమిషాలుంది. మార్కుల కాగితంలో ఆఖరి గడి: ‘బతికున్న మనిషి మీద చేసి చూపింది: అవును / కాదు.’ పిల్ల అబద్ధమాడింది. రూలు రూలే. ‘కాదు’ దగ్గర పెన్ను పెట్టాను. దాని పైవరసలోనే నా చేతిరాతతో ఇరవై ఏడు. ఎవరూ చెప్పకముందే, నిమిషం పాటు, నేను లెక్కపెట్టిన ఊపిరి. ఇన్నేళ్లలో నా లెక్క ఒక్కసారీ తప్పలేదు...

‘అవును’ దగ్గర టిక్కు పెట్టి, ఫోటో తీసి పంపించేశాను. అబద్ధం రాశానని ఈ రోజుకీ అనిపించలేదు నాకు.