ఛోగ్‌మల్ తాళం వేసిన మధ్యాహ్నం

జైసల్మేర్ కోటలో జైన గుళ్ల మెట్ల పక్కనే నా గంధం కొట్టు. పూజారి ఛోగ్‌మల్‌ని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఉత్త పిరికివాడు. కుర్రతనంలో సూరత్ బట్టల కొట్లో చేరి, ఆ ఊరి రద్దీకి బెదిరి, తిరిగొచ్చి తండ్రి చేసిన పూజే చేసుకుంటున్నాడు.

ఆ చైత్రమాసం మధ్యాహ్నం ఎప్పట్లాగే "లోపల ఎవరైనా ఉన్నారా?" అని కేకేసి, జవాబు రాకపోతే తాళం వేసి ఇంటికెళ్లాడు. కాసేపటికి ఫలోదీ ఊరి నుంచి వచ్చిన యాత్రికుడు భఁవర్‌లాల్ పరుగున వచ్చాడు.

"మా అమ్మ కనబడట్లేదండీ! ఈమధ్య మతిమరుపు కూడా. ఎటెళ్లిందో ఏమో!"

వాళ్లావిడ అప్పటికే బావి దగ్గర వెతికొచ్చింది. మేం బురుజు మీదికెళ్లాం. అక్కడ పిట్టగోడ లేదు. భఁవర్‌లాల్ కిందికి తొంగి చూసి, చూడలేక కళ్లు మూసుకున్నాడు.

సందడి విని వచ్చిన ఛోగ్‌మల్ మొహం పాలిపోయింది. నన్ను పక్కకి లాగాడు.

"ఒరేయ్, మోకాలు నొప్పిగా ఉందని ఇవాళ గర్భగుడి వెనక్కి వెళ్లి చూడలేదురా."

"మరి నిలబడ్డావేం? పద!"

గుడి తలుపు దగ్గర కంగారులో వేరే తాళంచెవి పెట్టి తిప్పుతున్నాడు. నేనే తీశాను.

గర్భగుడి వెనక, చల్లటి రాతినేల మీద, ఉన్ని చాప పరుచుకుని కూర్చుంది భఁవర్‌లాల్ తల్లి పెంపీబాయి. చేతిలో నోటికి అడ్డం పెట్టుకునే తెల్లగుడ్డ, ముందు ఇసుక గడియారం. సామాయికంలో ఉంది, అంటే ఇసుక జారేదాకా కదలకుండా, మాట్లాడకుండా చేసే జైనుల ధ్యానంలో.

"అమ్మా!" అన్నాడు కొడుకు.

ఆవిడ కాస్త ఆగమన్నట్టు చెయ్యెత్తిందంతే. భఁవర్‌లాల్ స్తంభానికి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. ఛోగ్‌మల్ అక్కడే కూలబడ్డాడు. ఇసుక మొత్తం జారేదాకా ఎవరం కదల్లేదు.

ధ్యానం ముగించి, చేతులు జోడించి అప్పుడు ఛోగ్‌మల్‌తో అంది పెంపీబాయి: "నీ కేక విన్నాను నాయనా. మౌనంలో ఉన్నాను, ఎలా పలకను? అది పూర్తయి చూస్తే తాళం పడింది. ఎలాగూ వేశారు కదా అని ఇంకోటి పట్టాను."

"మా ప్రాణాలు పోయాయమ్మా!" అన్నాడు కొడుకు.

"నా ప్రాణం మాత్రం హాయిగా ఉందిరా. 'మందు వేసుకో, చెప్పులేవీ' అని సతాయించేవాళ్లు లేకుండా ఇంతసేపు కూర్చుని ఎన్నాళ్లైందో!"

కోడలు పకపకా నవ్వేసింది.

ఛోగ్‌మల్ ఆవిడ కాళ్ల దగ్గర వంగాడు. "తప్పు నాదే తల్లీ. వెనక్కొచ్చి చూడాల్సింది."

"చూసుంటే నాకీ హాయి ఉండేదా? లే, లే. ఆకలేస్తోంది. మీ ఇంట్లో ఏం వండారు?"

జొన్నరొట్టె, శనగపిండి కూర, చల్ల. అందరం ఛోగ్‌మల్ ఇంట్లోనే తిన్నాం. ఆవిడ రెండోసారి కూర అడిగితే ఛోగ్‌మల్ భార్య మురిసిపోయింది. అతను మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం మరిచి, తాళం పడినా బెదరని ఆవిడవైపే చూస్తూ కూర్చున్నాడు.