అత్తయ్య విప్పడం మరిచిన తీగ

మా అత్తయ్య ఒక పెద్ద ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా తోటపని చేసింది. అదే ఆసుపత్రి ప్రసూతి వార్డులో నేను నర్సుని. ఇంట్లో అత్తాకోడళ్లం, గేటు దాటితే ఇద్దరం ఉద్యోగులం.

చలి తగ్గి గాలి మెత్తబడగానే ఆమె కాళ్లకు బలపం కట్టుకుని తిరిగేది. చలికాలంలో చెట్ల మొదళ్లకు కప్పిన ఎండాకులను జానెడు దూరం వెనక్కి లాగేది. “మెడదాకా దుప్పటి కప్పి వదిలేస్తే ఎవరికైనా ఉక్కపోయదూ?” అనేది. ఎండిందేమోనని అనుమానమున్న కొమ్మను గోటితో గీకి చూసేది. లోపల పచ్చగా ఉంటే వదిలేసేది, లేకపోతే రంపం తీసేది. ముందుగా పూసే పొదల మీద మాత్రం పూలు రాలేదాకా కత్తెర పడనిచ్చేది కాదు. వాటి మొగ్గలు నిరుటి కొమ్మల మీదే ఉంటాయట.

ఒకసారి ఆఫీసు గుమాస్తా, “ఈ పొదల్ని నున్నగా గొరిగేయమ్మా, చూడ్డానికి బాగుంటాయి” అన్నాడు.

“అలా గొరిగితే మీ తల మీద జుట్టెంతో వీటికి పూలంతే” అంది అత్తయ్య. ఆయనది బట్టతల. ముందు ఆయనే నవ్వాడు.

లేత చెట్లను గాలికి పడిపోకుండా కర్రలకు ఇనుప తీగతో కట్టేవారు. ఏటా చిగుళ్లు వచ్చే వేళకు ఆ కట్లు విప్పి వదులు చేయడం ఆమె పనే. “చెట్టు లావెక్కుతుంది, తీగ లావెక్కదు కదే” అనేది నాతో.

నా పెళ్లయిన రెండో ఏడు, సరిగ్గా చిగుళ్ల వేళకే మామయ్య జబ్బుపడ్డాడు. ఆయన ఆ ఆసుపత్రి లాండ్రీలోనే ఇస్త్రీ చేసేవాడు. రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. అత్తయ్య తోట వదిలేసి అక్కడే కూర్చునేది.

“ఈ ఏడు నా మంచం చుట్టూ తప్ప ఏ చెట్టు చుట్టూ తిరగట్లేదు నువ్వు” అన్నాడాయన ఓ పొద్దున.

“చెట్లెక్కడికీ పోవులెండి.”

ఆ చిగుళ్లు ముదిరేలోపే మామయ్య పోయాడు.

మరుసటి వసంతంలో, మా వార్డు ముందున్న చెట్టు దగ్గర ఆమె చతికిలబడటం చూసి పరుగున వెళ్లాను. తీగ బెరడులోకి దిగిపోయి ఉంది. పైనా కిందా బెరడు పెదవుల్లా ఉబ్బి దాన్ని మింగేసింది. అత్తయ్య ఆ ఉబ్బును వేళ్లతో తడిమి, లేచి, మట్టిచేతులతోనే సూపరింటెండెంట్ గదికి నడిచింది. వెనకే నేను.

“నిరుడు కట్టు విప్పలేదు సార్. తప్పు నాదే.”

“నిరుడు మీ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలీదా అమ్మా. తీసేసి కొత్తది నాటండి” అన్నాడాయన నెమ్మదిగా.

“రెండేళ్లు చూద్దాం సార్.”

“మొక్కై వంగనిది మానై వంగదంటారు. ఇప్పుడేం బాగుపడుతుంది?”

“ఆ సామెత చెప్పినాయన తోటపని చేసుండడు సార్.”

ఆయన సరేనన్నాడు. ఆమె తీగను ముక్కలుగా కత్తిరించి, వచ్చినంత లాగి, లోతుకు పోయినదాన్ని చెట్టుకే వదిలేసింది. నెల తిరిగేసరికి ఒక పక్కే చిగిర్చింది. రెండో పక్కను వారం వారం గీకి చూస్తూ ఎండలు ముదిరేదాకా ఆగింది. చివరికి రంపం పెట్టింది. సగం కోశాక చెయ్యి ఆగిపోయింది.

“మీ మామయ్య అప్పుడే చెప్పారే. నేనే వినలేదు” అంది. మామయ్య పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. నేను రంపం అందుకుని మిగతాది కోశాను. వంకరగానే కోశాను.

చెట్టు ఒంటిపక్కగానే పెరిగింది. లోపల భార్యలు నొప్పులు పడుతుంటే, బయట భర్తలు నీడ ఎటుంటే అటు జరుగుతూ దాని కింద కూర్చునేవారు.

రిటైరయ్యాక అత్తయ్యకు మోకాళ్లు వంగేవి కావు. పెరట్లో కుర్చీ వేయించుకుని చేతికర్రతో చూపించేది.

“అది కాదు, దాని కింది కణుపు. మొగ్గ బయటికి చూస్తోందా?”

“చూస్తోంది అత్తయ్యా.”

“అయితే కొయ్యి.”

ఆమె పోయి ఆరేళ్లు. పెరటి పొదలను ఇప్పుడు నేనొక్కదాన్నే కత్తిరిస్తాను. కోయబోయే ముందు, “అయితే కొయ్యి” అని వినబడుతుందేమోనని కాసేపు ఆగుతాను. మావారు కిటికీలోంచి చూసి పక్కకు తప్పుకుంటారు.