మా వదినకు నేనే గార్డియన్

పొద్దున్నే మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నాయనా, ఒక షామియానా, కొన్ని కుర్చీలు ఇంటికి పంపించు" అన్నాడు.

నాది బెంగళూరు పక్కన హెబ్బగోడిలో షామియానా, మైకు సెట్టు అద్దెకిచ్చే అంగడి. పెళ్ళికైనా చావుకైనా ఫోన్ ఇలాగే వస్తుంది. నేను అప్పుడు పళ్ళు తోముకుంటున్నాను. నోట్లో నురగతోనే, "ఏమిరా, మీయమ్మ లా కాలేజీకి పోతాండాదని పార్టీ ఇస్తాండావా? మైకు గూడా పంపించేదా?" అన్నాను.   వాడు మెల్లగా, "మైకు వద్దు చిన్నాయనా" అన్నాడు.

మా వదిన పోయిందని నాకు అలా తెలిసింది. బతుకంతా వేళాకోళాలతో గడిపినవాణ్ణి. కొన్ని నవ్వించాయి, కొన్ని తన్నులు తినిపించాయి. గొంతులో ఇరుక్కుపోయింది మాత్రం ఇదొక్కటే.

ఆ రోజు కుర్చీలు నేనే దించాను. ఎర్రవి పక్కన పెట్టి తెల్లవి ఏరుకుని తెచ్చాను. వదిన చూసి ఉంటే, "కూచునేవాళ్ళకు రంగుతో ఏం పనప్పా, కాళ్ళు గట్టిగుండేవి చూసి తే" అని ఉండేది. నా అంగడికి ఎప్పుడు వచ్చినా ఆమె కుర్చీని ఒకసారి ఊపి చూసిగానీ కూర్చునేది కాదు. నా మీద అంత నమ్మకం.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నా అన్నా పొద్దున ఫ్యాక్టరీకి పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాళ్ళు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అన్నకు పెళ్ళయింది. వదినది హిందూపురం పక్క పల్లె. బి.ఏ. పాసై వచ్చింది. ఇంగ్లీషులో ఉత్తరం రాయగలిగిన మనిషి మా ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు. అందుకని బళ్ళో గార్డియన్ సంతకం పెట్టే పని అన్న ఆమెకు అప్పగించాడు. నాకు పండగే అనుకున్నాను. కొత్త పెళ్ళికూతురు, ఊరు తెలీదు, కన్నడం రాదు, ఏం చెబితే అది రాసిచ్చేస్తుందని నా లెక్క.

ఒక రోజు బడి ఎగ్గొట్టి ఈతకు పోయాను. మరునాడు సెలవు చీటీ కావాల్సి వచ్చింది. "జ్వరమని రాయి వదినా" అన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "చల్లగా ఉండాది గదా" అంది. ఏదో రాసి మడిచి ఇచ్చింది. హెడ్మాస్టరు దాన్ని విప్పి చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, క్లాసంతా వినేలా కన్నడంలోకి మార్చి చదివాడు. "మా మరిది నిన్న బడికి రాలేదు. కారణం, ఈతకు పోయాడు. ఆరోగ్యం బాగుంది."

ఆ రోజంతా నన్ను గది బయట నిలబెట్టారు. ఇంటికి వచ్చి వదిన మీద ఎగిరాను. "జ్వరమని రాస్తే నీ సొమ్మేం పోతాది?"

ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా చెప్పింది. "ఊరికే జ్వరమని రాస్తే, రేపు నిజంగా వచ్చినప్పుడు ఏమని రాసేదప్పా?"

నేను ఎగ్గొట్టడం మానలేదు, ఆమె నిజం రాయడం మానలేదు. "కారణం, సినిమాకు పోయాడు. సినిమా బాగలేదట." "కారణం, రాబుద్ధి కాలేదు." చివరికి టీచర్లు నా చీటీల కోసం ఎదురుచూసే దాకా వచ్చింది. తొమ్మిదో తరగతిలో నాకు నిజంగానే టైఫాయిడ్ వచ్చింది. ఆమె "మా మరిదికి జ్వరం" అని ఒక్క ముక్క రాసి పంపింది. ఆ సాయంత్రం హెడ్మాస్టరు బత్తాయిలు పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆ అమ్మ జ్వరమని రాసిందంటే పిల్లవాడి ప్రాణం మీదికి వచ్చిందనుకున్నాడట.

తర్వాత పీయూసీ, అంటే మన ఇంటరు, తప్పాను. పేపర్లు కష్టంగా వచ్చాయని నేను చుట్టాల్లో ప్రచారం చేసుకుంటుంటే, "చదవలేదు, తప్పినాడు" అని ఆమె ఒక్క మాటలో తేల్చేసేది. అలాంటి మనిషితో ఒకే కప్పు కింద బతకడం నాలాంటివాడికి జైలు. ఆ జైల్లో మూడు పూటలా వేడి అన్నం పెట్టేవాళ్ళు, అదే తేడా.

కొన్నేళ్ళ క్రితం అన్న పోయాడు. డ్యూటీ దిగి గేటు దాటుతుంటే ఫ్యాక్టరీ లారీయే తగిలింది. అతను అప్పటికి పనిలో లేడని వాళ్ళు, ఉన్నాడని మేము. నష్టపరిహారం కేసు ఆనేకల్ కోర్టుకు వెళ్ళింది. ప్రతి వాయిదాకూ వదిన ఇస్త్రీ చీర కట్టుకుని, కాగితాల సంచి పట్టుకుని, నా బండి మీద వచ్చేది. ప్రతిసారీ మా లాయరు, "మీరు బయట కూర్చోండమ్మా, నేను చూసుకుంటాను" అనేవాడు. మేము వరండాలో బల్ల మీద కూర్చునేవాళ్ళం. ఆయన లోపలికి పోయి, టీ చల్లారేలోపు వచ్చి, "మళ్ళీ వాయిదా పడింది" అనేవాడు.

ఒకసారి వదిన మాట వినలేదు. చెప్పులు సర్దుకుని ఆయన వెనకే లోపలికి నడిచి, గోడవారగా నిలబడింది. బయటికి వచ్చాక మొహం అదోలా ఉంది.

"ఏం జరిగింది వదినా?"

"టైం కావాల సార్ అన్నాడు. జడ్జి సరే అన్నాడు. అంతే." కొంచెం దూరం నడిచి ఆగింది. "ఆ ఒక్క మాట చెప్పేదానికా అప్పా ఇన్నాళ్ళూ నన్ను బయట కూచోబెట్టింది? ఆ మాట నేనూ చెప్తా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. తర్వాత వారం హిందూపురం బస్సెక్కి, బి.ఏ. చదివిన కాలేజీలో పాత కాగితాలన్నీ తీయించుకుని వచ్చింది. మూడేళ్ళ లా కోర్సుకు వయసు అడ్డం కాదని ఎవరో చెప్పారట. మా చుట్టాలు ఈ వయసులో ఇదేం పిచ్చి అన్నారు. నేనూ అన్నాను, ఇంకా ఘాటుగా అన్నాను. "నువ్వు లాయరయ్యేసరికి జడ్జీలందరూ నీకంటే చిన్నోళ్ళే ఉంటారు, వదినా. లేచి నిలబడి నీకే దండం పెడతారు."

"పెట్టనీ. నడుము వంగుతాది, ఒంటికి మంచిది" అంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపాలి. మా అన్న కొడుకు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. గార్డియన్ పేరు, ఫోన్ నంబరు ఎక్కిస్తేగానీ ఆ పేజీ ముందుకు జరగడం లేదు. వాడు తన నంబరు కొట్టబోయాడు.

"నేను కనిన కొడుకు నాకు గార్డియనా? సిగ్గులేదారా?" అని వదిన వాడి చెయ్యి పక్కకు నెట్టింది. నా వైపు గడ్డం ఎగరేసింది. "వీడి పేరు ఎక్కించు. వీడి చీటీలన్నీ నేనే రాసినా. ఇంక నా చీటీలు వీడు రాయనీ."

పీయూసీ తప్పినవాడు లా విద్యార్థికి గార్డియన్ అయ్యాడు. ఆ సంతోషం పట్టలేక మైకులో వీధంతా వినిపించేలా ప్రకటించాను. ఆమె చీపురుతో బయటికి వచ్చింది.

ఇంటర్వ్యూ ఉంటుందేమోనని ఆమెకు బెదురు. అది కనిపెట్టి నేను వేరే ఫోన్ నుంచి, గొంతు మార్చి, కన్నడం ఇంగ్లీషు కలిపి, ప్రిన్సిపాల్‌నని చెప్పి ఫోన్ చేశాను. ఈ వయసులో లా ఎందుకని గద్దించాను. ఆమె కన్నడంలో తడబడకుండా చెప్పింది.

"మావారి కేసు గెలవడానికి కాదు సార్. నేను చదువు ముగించేలోపు అది ఎటో ఒకవైపు తేలిపోతుంది. నా పెళ్ళి మాటలు లోపల జరిగాయి, నేను వంటింట్లో ఉన్నాను. మావారు పోయిన రోజు డాక్టర్లు, ఫ్యాక్టరీవాళ్ళు లోపల మాట్లాడుకున్నారు, నేను వరండాలో ఉన్నాను. కోర్టులోనూ అంతే. నా సంగతి మాట్లాడుకునే గదిలో ఒక్కసారైనా నేనూ కూర్చోవాలి సార్."

  ఆ వెంటనే ఆమె తెలుగులో అంది. "సరే, అన్నానికి రా అప్పా. చారు చల్లారిపోతాండాది."

అన్ని కాగితాలూ కుదిరాయిగానీ ఒకటి మిగిలింది. చదువు మధ్యలో ఖాళీ వచ్చినవాళ్ళు ఆ ఏళ్ళన్నీ ఏం చేశారో స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి ఇవ్వాలి. దాన్ని గ్యాప్ అఫిడవిట్ అంటారు. ఆమెకున్న గ్యాప్‌లో నా పెళ్ళి, నా పిల్లల పెళ్ళి వయసు, అన్నీ పట్టేశాయి. కాగితాలు ఇవ్వడానికి ఆఖరు రోజున ఆనేకల్ కోర్టు ఎదురుగా టైపు చేసే అతని దగ్గరికి వెళ్ళాం. మన తెలుగాయనే. అతని దగ్గర అచ్చు సిద్ధంగా ఉంది. పేరు మార్చి చేతికి ఇచ్చాడు. వదిన నిలబడే చదివింది, మళ్ళీ చదివింది.

"ఇంట్లో ఖాళీగా ఉన్నానని రాసినావేందప్పా?"

"అందరికీ ఇదే మాటమ్మా. ఎవరూ చదవరు. సంతకం పెట్టేస్తారు."

"చదవకుండా సంతకం పెట్టేదానికా లా చదివేది?"

ఆఫీసు మూసే వేళ దగ్గర పడుతోంది. ఆ రోజు దాటితే ఇంకో ఏడాది ఆగాలి. నాకు కాళ్ళు నిలవడం లేదు. "ఖాళీగా ఉన్నావంటే ఉన్నావనుకోనీ వదినా. ఎవురు చదువుతారు దాన్ని?"

"నేను చదివితి గదా" అంది. తర్వాత నా మొహంలోకి సూటిగా చూసింది. "చెప్పు. ఒక్క పూటన్నా నేను ఖాళీగా ఉండింది నువ్వు చూసినావా?"

 నేను వెళ్ళి ఇంకో స్టాంపు కాగితం కొనుక్కొచ్చాను.

ఆమె చెబుతుంటే అతను టైపు చేశాడు. ఇన్నేళ్ళూ ఇల్లు నడిపాను. మామగారిని చివరిదాకా చూసుకున్నాను. ఒక కొడుకును పెంచాను. ఒక మరిదిని పెంచుతున్నాను, ఆ పని ఇంకా పూర్తి కాలేదు. టైపు చేసే అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. చివరి ముక్క తీసేద్దామన్నాడు. "నిజమే గదప్పా, ఉండనీ" అంది.

బండి మీద కాలేజీకి పరుగెత్తాం. అక్కడ గుమాస్తా కాగితం చూసి, నమూనా ప్రకారం లేదు, చెల్లదన్నాడు. వదిన గొంతు పెంచలేదు. "ఇందులో ఎక్కడ అబద్ధం ఉందో చూపించండి సార్, మార్చుకుని వస్తాను" అంది. అతను మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తల ఎత్తి, "ఈ మరిది ఎవరు?" అన్నాడు. నేను చెయ్యెత్తాను. నన్ను కింది నుంచి పైదాకా చూసి, ముద్ర కొట్టాడు.

అది ఆమె వాదించిన మొదటి కేసు. గెలిచింది. రెండోది రాలేదు.

కాలేజీకి నిండా వారం రోజులు కూడా పోలేదు. మొదటి రోజు సాయంత్రం నేరుగా నా అంగడికే వచ్చింది. కుర్చీ ఊపి చూసి కూర్చుంది. తలుపు దగ్గర అటెండరు అడ్డమొచ్చి, పేరెంట్స్ బయట కూర్చోవాలన్నాడట. ఆమె మెడలో వేసుకున్న గుర్తింపు కార్డు ఎత్తి చూపించిందట. ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాను. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "లోపల కూచున్నా అప్పా" అంది. ఆమె మొహం అంత తేలిగ్గా ఉండటం అన్న పోయాక నేను చూడలేదు.

ఆదివారం అందరికీ వండి పెట్టింది. సోమవారం తెల్లారేసరికి లేదు. గుండె అన్నారు. కాలేజీ సంచి తలుపు పక్కన సర్దిపెట్టి ఉంది.

వాకిట్లో నేను తెల్ల కుర్చీలు వరసగా వేస్తుండగా జేబులో ఫోన్ మోగింది. గార్డియన్‌నని కాలేజీ నుంచి నాకు సందేశం. మీ వార్డు ఈ రోజు తరగతికి హాజరు కాలేదు. కుర్చీ చేతిలోనే పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఎవరో వచ్చి నా చేతిలోంచి తీసుకుని దాంట్లో కూర్చున్నారు.

మొన్న వాయిదాకు నేనూ అన్న కొడుకూ వెళ్ళాం. లాయరు అలవాటుగా, "మీరు బయట కూర్చోండి" అన్నాడు. ఇద్దరం లోపలికి పోయి కూర్చున్నాం. ఆయన టైం అడిగాడు. ఇచ్చారు.

నిన్న కాలేజీ ఆఫీసు నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా చేరినట్టుంది, లేత గొంతు. హాజరు తగ్గిపోతోందట, గార్డియన్ సంతకంతో సెలవు చీటీ పంపమంది. కారణం ఏమని రాసేదని నేను అడిగేసరికి జాలిపడి, "ఒంట్లో బాగలేదని రాసెయ్యండి సార్, చాలు" అంది.

అబద్ధం ఆడాలంటే నాకు ఊపిరి తీసుకునేంత సేపు చాలు. ఆ ఒక్క ముక్క రాయలేకపోయాను. అంగడిలో కూర్చుని, వదిన రాసే పద్ధతిలోనే రాశాను. మా వదిన కాలేజీకి రాలేదు. కారణం దగ్గర ఆగి, తర్వాత అదీ రాశాను. కింద గార్డియన్ అని సంతకం పెట్టాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఇంకా ఇవ్వలేదు. ఇస్తే పేరు కొట్టేస్తారు. అందాకా రోజూ పొద్దున ఆ గదిలో ఎవరో ఆమె పేరు పిలుస్తారు. పలుకుతుందేమోనని కాసేపు చూస్తారు. తర్వాత ఇక్కడ నా ఫోన్ మోగుతుంది.