ఎడమ భుజం దూది

పిడికెడు దూది ఎంత బరువుంటుంది? ఏళ్లుగా నేను మోస్తున్నది అంతే. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

నేను సూర్యాపేటలో దర్జీని. మనిషి గుమ్మం ఎక్కేలోపే ఒంటి తీరు నా కంటికి అందేది. పొట్టివాళ్లకు మోకాళ్లు దాటిన కోటు వద్దనేవాడిని, బొర్ర ఉన్నవాళ్లకు నిలువు చారల గుడ్డ చూపేవాడిని. మిర్యాలగూడ పెళ్లికొడుకులు కూడా నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఇక వంకర భుజాన్ని దూది పెట్టి సరిచేయడం ఆ చుట్టుపక్కల నాకొక్కడికే వచ్చు. ఆ మాట నేనే బజారంతా చెప్పుకున్నాను. గొప్పలకు పోతే తిప్పలు తప్పవని తర్వాత తెలిసింది.

నైజాం చివరి రోజులు. దొరల మీద తిరగబడ్డవాళ్ల కోసం సిపాయిలు ఊళ్లు గాలిస్తున్నారు. తుంగతుర్తి వైపు గొర్రెలు కాసే మల్లయ్య కోసం డప్పు కొట్టి చాటించారు: బక్కమనిషి, ఎడమ భుజం కిందికి వాలి ఉంటుంది, దొరికితే కాల్చేస్తారు, సాయం చేసినవాళ్లకూ అదే గతి. మూడో రోజు మిట్టమధ్యాహ్నం అతనే నా దుకాణంలోకి వచ్చాడు.

"అన్నా, నన్ను షావుకారు లెక్క సెయ్యాలె. కోదాడ దాటితే నైజాం హద్దు దాటినట్టే, బతుకుత."

"బొర్ర పెడత. భుజం సుత సరిజేస్త. కన్నతల్లి గూడ గుర్తువట్టది తమ్మీ."

"గా భుజమే నాకు భయమన్నా. జర మంచిగ సూడు."

"నాకు ఇడిసిపెట్టు."

ధైర్యంతో అన్నానా? కాదు, నా పనితనం మీద మోజుతో అన్నాను. ఎవరో పెళ్లికి కుట్టించి తీసుకెళ్లని షేర్వానీ ఒకటి ఉంటే, వెనక గదిలో దాన్నే అతని ఒంటికి దిద్దాను. అద్దంలో చూసుకున్నాడు. రెండు భుజాలూ సమం. నవ్వాడు. అంచు కుట్లు మిగిలాయని, వెనక సందులోని పాత కొట్టంలో దాక్కుని బస్సు వేళకు రమ్మని పంపాను.

కాసేపటికి ఇద్దరు సిపాయిలు దుకాణం ముందు నుంచి నడిచిపోయారు. నా వైపు చూడనైనా లేదు. నాకు మాత్రం భయం పట్టుకుంది. అతను పట్టుబడితే షేర్వానీ విప్పుతారు, భుజంలో దూది దొరుకుతుంది, అది ఎవరి పనో సూర్యాపేటలో ఎవరినడిగినా చెబుతారు. బొర్ర ఏ దర్జీ అయినా పెట్టగలడు. భుజం నేనే. లోపలి అస్తరు గుడ్డ విప్పి, భుజం దూది తీసేసి, మళ్లీ కుట్టేశాను. తీసేస్తే పట్టుబడతాడని ఆలోచించలేదా? ఆలోచించాను. ఇన్నాళ్లూ నోరు పెగలనిది ఇక్కడే. తెలిసే చేశాను.

బస్సు వేళకు వచ్చినప్పుడు అతను తొందరలో ఉన్నాడు, మళ్లీ అద్దం చూసుకోలేదు. ఎడమ భుజం మీద కండువా వేసుకుంటే హుందాగా ఉంటుందని సలహా ఇచ్చాను. దూది చేయాల్సిన పని కండువా చేస్తుందా? నన్ను నేను మోసం చేసుకోవడానికి నాకదే దొరికింది.

కోదాడ నాకా దగ్గర సిపాయిలు తనిఖీకని అందరినీ బస్సు దింపి, అతన్ని కండువా తీయమన్నారట. ఆ తర్వాత మల్లయ్యను ఎవరూ చూడలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

నైజాం పోయాక అతని తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. బస్సెక్కే ముందు కొడుకు నా గురించి ఆమెకు కబురు పంపాడట. కొడుకు కోసం ప్రాణానికి తెగించి కుట్టానని నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఇంటి నుంచి తెచ్చిన నెయ్యి గిన్నె నా ముందు పెట్టింది. తీసుకున్నాను. ఇంటిల్లిపాదీ తిన్నాం. సిపాయిలను చూసినప్పుడు కూడా నాకు ఆమె ముందు వేసినంత భయం వేయలేదు. బతికినంతకాలం ఏటా దసరాకు నెయ్యి గిన్నెతో వచ్చేది. వచ్చినప్పుడల్లా ఈసారి చెప్పేద్దామనుకునేవాడిని. గిన్నె ఖాళీ చేసి ఆమె చేతికిచ్చేవాడిని.

ఇప్పుడామె లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. మల్లయ్యను పట్టించింది నేనే. ఇదిగో, రాసేశాను. ఇన్నేళ్లకు ఒక మనిషికైనా నిజం తెలిసింది.